ఎర్రమడుగు కార్డులు

నలభై మూడు పోస్టుకార్డుల్లో ఒక్క చావు కబురు కూడా లేదేమిటని కీర్తిప్రియకు అనుమానం వచ్చింది.

కాలేజీ ప్రదర్శనకు ఆ పిల్ల ఎంచుకున్నది నానమ్మ పుట్టిన ఎర్రమడుగు చరిత్ర. ఆ ఊరు ఇప్పుడు ప్రాజెక్టు నీళ్ల అడుగున ఉంది. మిగిలిందల్లా నానమ్మ లలితమ్మ రేకుపెట్టెలో దాచుకున్న కార్డులే. అన్నీ ఆమె అన్న అంజన్న రాసినవి. ఊరికి కరెంటొచ్చింది, బడికి పైకప్పు పడింది, ఎవరింట్లోనో కవల దూడలు పుట్టాయి. కార్డుల్లో ఊరంతా నిక్షేపంగా బతికే ఉంది.

"చావు కార్డు ఇంట్లకు తేరు బిడ్డా. గడప బయటనే చదివి ఆడనే చింపేస్తరు," అంది లలితమ్మ. ఆమెకు చదువు రాదు. తల్లి పోయినా, తండ్రి పోయినా భర్త మైసయ్యే గడప బయట చదివి, చింపేసి, లోపలికొచ్చి చెప్పాడు. ఆ తర్వాత పుట్టింటి వైపు ఆమెకు అంజన్న ఒక్కడే మిగిలాడు.

చివరి కార్డు ఎనభై మూడు నాటిది. 'నీళ్లు పొలిమేర దాకా వచ్చినయి. రాఖీ పున్నానికి నీ ఇంటికే వస్తున్న, చెల్లె.' ఆ తర్వాత ఉత్తరం లేదు, మనిషీ లేడు.

ఆయన కోసమే పాతబస్తీలోని ఈ అద్దె ఇల్లు కదలనంటుంది లలితమ్మ. పైకప్పు పెచ్చులూడుతోంది, నెలాఖరుకు ఖాళీ చేద్దామని కొడుకు విశ్వేశ్వర్ మొత్తుకుంటున్నాడు. అన్నకు తెలిసింది ఈ ఇంటి నంబరొక్కటేనని ఆమె మొండికేసింది. ఏటా లాడ్ బజార్ వెళ్లి ఆయన కోసం ఒక రాఖీ కొనుక్కొస్తుంది కూడా.

అంజన్న తాతను ఎవరూ ఎందుకు వెతకలేదో తేల్చుకుందామని కీర్తిప్రియ పక్కనున్న బర్రెల కొట్టంలో తాత దగ్గరికి వెళ్లింది. మైసయ్య చేతిలోని గడ్డి కింద పెట్టాడు.

"అంజన్న రాలే. ఊరోళ్ల కార్డొచ్చింది. సామాన్లు తెస్తుంటె పడవ మునిగిందట. మీ నానమ్మకు అప్పుడు ఎనిమిదో నెల. అంతకుముందు రెండు కాన్పులు పోయినై. గడప బయటనే చింపేసిన, చెప్పలే. బర్లకు నీళ్లు పెట్టొచ్చేసరికి ముక్కలు గాలికి కొట్టుకపోయినై. బతికిన అనుకున్న."

కాన్పయ్యాక చెబుదామనుకున్నాడట. కొడుక్కి అన్నం ముట్టించాక అనుకున్నాడట. అలా అలా నలభై ఏళ్లు దాటిపోయాయి.

"ఇల్లు మారాలంటె నిజం చెప్పాలె. గా ఆశ మీదనే బతుకుతుంది ఆమె. నా నోట్లకెళ్లి రాదు బిడ్డా," అంటూ ఆ ముసలాయన తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

తాత చెప్పలేనిది తనే చెప్పాలనుకుని కీర్తిప్రియ ఇంట్లోకి వచ్చింది. లలితమ్మ కార్డులన్నీ వరసగా పేర్చి దారం చుడుతోంది. పక్కన కూర్చుని "నానమ్మా, అంజన్న తాత..." అనగానే ఏడుపు ముంచుకొచ్చింది.

లలితమ్మ దారానికి ముడి వేసింది. కొట్టం వైపు ఒకసారి చూసి, మనవరాలి తలను ఒళ్లోకి తీసుకుంది.

"ఆ ముక్కలు ఊడ్చింది నేనే బిడ్డా, తాతకు చెప్పకు."