ఎదురింటి లైటు

మళ్ళీ వెలిగింది ఎదురింటి లైటు!

డాబా మీద ఫోటోగ్రాఫరు పళ్ళు పటపటా కొరికాడు. ఇది ఐదో తెల్లవారుజాము. రేపటి నుంచి తోకచుక్క సూర్యుడి వెలుగులో కలిసిపోతుంది. మళ్ళీ వచ్చేది మనవళ్ళ మనవళ్ళ కాలంలోనే.

స్టూడియోలో ముప్ఫై ఏళ్ళుగా పాస్‌పోర్టు ఫోటోలు తీసీ తీసీ విసిగిపోయిన మనిషి. చచ్చేలోగా నాదంటూ ఒక్క ఫోటో ఉండాలని పట్టుబట్టాడు. తూర్పు ఆకాశం బాగా కనబడుతుందనే, పది రోజుల కిందట ఏరికోరి ఈ ఇంట్లో అద్దెకు దిగాడు.

"ఇన్నేళ్ళూ జనాన్ని రెప్ప వేయొద్దని చంపుకుతిన్నారు. ఇక వెళ్ళి ఆకాశానికి చెప్పండి!" అంది భార్య, దుప్పటి ముసుగు తీయకుండానే.

చెప్పొద్దూ, ఆ తోకచుక్క కంటికి ఆనేది కాదు. చిమ్మచీకట్లో కెమెరాను కదలకుండా పావు నిమిషం తెరిచి ఉంచితే, పొగ ఊదినట్టు చిన్న మరక పడుతుంది. అంతే. మధ్యలో లైటు పడిందా, ఫోటో మొత్తం సున్నం కొట్టిన గోడే!

పోనీ వేళ మార్చి చూద్దామన్నా కుదర్లేదు. నాలుగింటికి ఎక్కితే నాలుగింటికే వెలుగుతుంది. మూడున్నరకి ఎక్కితే మూడున్నరకే. ఇనప మెట్ల మీద కాలు పెట్టాడో లేదో, ఎదురింటి కిటికీలో ముసలావిడ సిద్ధం. మళ్ళీ ఆయన దిగాకే ఆర్పుతుంది. కక్ష కాకపోతే ఏమిటిది?

నిన్న రెండు చేతులూ ఊపి ఆర్పమని సైగలు చేశాడు. ఆవిడ ముఖం ఇటే పెట్టుకుని ఉలకదు, పలకదు.

ఇవాళ ఆర్పుతుందేమోనని గంటసేపు కాచుకున్నాడు. ఆర్పితేనా! ఇక ఉండబట్టలేక పిట్టగోడ మీంచి వంగి, ఊరందరూ లేవకుండా గొంతు తగ్గించి పిలిచాడు.

"పెద్దమ్మగారూ! లైటు... లైటండీ!"

"వేశానుగా నాయనా! చాల్లేదా? ఉండు, రెండోది కూడా వేస్తా."

వేసింది కూడా!

ఆయనకు ఒళ్ళు మండిపోయింది. ఎంత వెటకారం! నోరు తెరిచి అరిచేలోగా తూర్పు తెల్లబడింది. పోయింది. ఈ జన్మకు ఇక ఆ ఫోటో లేదు.

కెమెరా చంకన పెట్టుకుని, దడదడా మెట్లు దిగి, ఎదురింటి తలుపు బాదాడు. కోడలు నిద్రకళ్ళతో తీసింది.

"మీ అత్తగారికి నా మీద ఏమిటమ్మా అంత పగ? కోడి కూయకముందే ఆవిడకి లైటుతో పనేమిటి?"

కోడలు తెల్లబోయింది.

"పగేమిటి అన్నయ్యగారూ, చూపు పోయి పదకొండేళ్ళయిన మనిషికి లైటెందుకు, ఆ ఇనప మెట్ల మీద మీ అడుగుల చప్పుడు వినబడగానే చీకట్లో ఎక్కడ పడిపోతారోనని లేచి వేస్తోంది గానీ!"