తుపాకీకి బొట్టు

ఇంటింటికీ తుపాకీ ఉండాలన్న చట్టం వచ్చాక మా గుమ్మం మీదా ఒకటి బిగించారు. తూటాల పెట్టె పేల్చే మీటకు వెనకాల ఉంటుంది కాబట్టి గొట్టం పొడవు తగ్గకుండానే తుపాకీ పొట్టిదైందట. అదే దాని గొప్ప. ఇంటివాళ్ల మొహం కాకపోతే చాలు, తనే తిరిగి గురిపెడుతుంది. పాల గుర్నాథం రోజూ క్యానుతో సహా చేతులెత్తి వీధిలోనే నిలబడేవాడు.

ఆయుధపూజనాడు మా ఆవిడ సుభద్ర కత్తిపీటకు పెట్టినట్టే దానికీ బొట్టు పెట్టింది, సరిగ్గా మొహాలు గుర్తుపట్టే దాని కెమెరా కంటిమీద. అది గుడ్డిదై కీచుమంది. కంపెనీ మనిషి పరుగెత్తుకొచ్చాడు.

"ఏం పనమ్మా ఇది? ఎంత పరిశోధన చేస్తే పుట్టింది!"

"మా కత్తిపీట బొట్టు పెట్టినా వంకాయలు కోస్తుంది నాయనా. బొట్టుకే చచ్చేది ఏం ఆయుధం?"

అమ్మవారి శూలానికి ఎవరిని పొడవాలో ఆ తల్లి చెబుతుంది. దీనికి ఎవరు చెబుతారు, అనుకున్నాను నేను.

అతను స్టూలెక్కి రుమాలు తీశాడు.

"తుడువు బాబూ," అంది సుభద్ర. "కన్ను తెరవగానే అది చూసేది నీ మొహమే."

రుమాలు జేబులోకి వెళ్లిపోయింది. "పండగ కదా, తర్వాతొస్తా," అంటూ దిగి వెళ్లాడు.

వీధిలో నిలబడి ఇదంతా చూస్తున్న గుర్నాథం చేతులు దించుకుని గుమ్మం దాకా వచ్చి పాలు పోశాడు. అప్పటినుంచి సుభద్ర రోజూ స్నానం కాగానే, దేవుడి తర్వాత దానికీ బొట్టు పెడుతోంది.