ఒకటి మీకు, ఒకటి నాకు

“మళ్ళీ పోయిందా చార్జింగ్?” అంది సూపర్‌వైజర్, బస్సు ఇంకా ఫ్యాక్టరీ గేటు దాటకముందే.

పక్క సీట్లో ఉన్న మెకానిక్ చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి దానివైపు దిగులుగా చూశాడు. “పోయిందండీ.”

“పొద్దున ఫుల్‌గా ఉందన్నారు?”

“ఉందనే అనుకున్నాను.”

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి తన ఇయర్‌ఫోన్ల డబ్బా తీసింది. కుడిది తను పెట్టుకుని ఎడమది అతనికిచ్చింది. ఫోన్లో ఏదో నొక్కి, తల కిటికీకి ఆనించింది. అతను కళ్లు మూసుకుని నెమ్మదిగా తల ఆడించాడు.

“బావుందా?”

“చాలా బావుందండీ.”

వెనక సీట్లో స్టోర్‌కీపర్ కిసుక్కున నవ్వాడు. ఒక్క క్షణం నోరు మూతపడదని అందరూ అతన్ని రేడియో అంటారు. “ఏమయ్యా, ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లన్నీ నీ చేతి కిందే నడుస్తాయి. చెవిలో పెట్టుకునే గింజంత వస్తువు బాగుచేసుకోలేవా?”

“గింజంతది కాబట్టే చేతికి దొరకట్లేదు.”

“సరిగ్గా ఆపవు నువ్వు. రెండూ డబ్బాలో పెట్టి మూత వెయ్యాలి. లైటు ఆరిందో లేదో చూసుకోవాలి. ఆరలేదా, అవి ఫోన్ కోసం వెతుక్కుంటూనే ఉంటాయి. వెతికి వెతికి చస్తాయి.”

వెతుక్కోవడం అంటే ఏమిటో రేడియో చెబితే తెలుసుకోవాల్సిన స్థితిలో లేడు మెకానిక్.

అసలు సంగతి వేరు. రోజూ భోజనాల వేళ అతను చిన్న దారం ముక్క మడిచి, డబ్బా గుంటలో రాగి మొనల మీద పెట్టేవాడు. దానిపైన ఇయర్‌ఫోన్ కూర్చోబెడితే మొనలు తగలవు, చార్జింగ్ ఎక్కదు, ఇయర్‌ఫోన్ ఆఫ్ అవదు. సాయంత్రానికి శుభ్రంగా ఖాళీ. బాగుచేయడం వచ్చినవాడికి పాడుచేయడం ఎంతసేపు?

మొదట్లో ఒకరోజు నిజంగానే చార్జింగ్ అయిపోయింది. పక్కన చోటుందని పిలిచి, ఆమె తనది ఒకటి ఇచ్చింది. అంతే, అప్పటినుంచీ వెనక రేడియో పక్కన తను కూర్చునే సీటు మరిచిపోయాడు. నేరుగా మాట్లాడొచ్చుగా అంటే, చెకింగ్ టేబుల్ దగ్గర ఆమె ఉంటే కుట్టు తప్పిన చొక్కా ఒక్కటీ దాటిపోదు. మనిషినీ అలాగే తిరగేసి చూస్తుందేమోనని అతనికి బెరుకు. ధైర్యం చేసి నోరు తెరిస్తే మిషన్ నూనె సంగతి తప్ప మరొకటి రాదు. ఆ గంట ప్రయాణం కోసం మాత్రం పొద్దున్నుంచీ ప్రాణం కొట్టుకుంటుంది.

బస్సు పెద్ద రోడ్డెక్కాక ఆమె అంది, “శుక్రవారంతో ఇక్కడ ఆఖరు. నన్ను కొత్త యూనిట్‌కి మార్చారు.”

“దూరమాండీ?”

“రైల్లో ఒక రాత్రి.”

“ఓహో” అన్నాడు. ఇంతకాలం దాచుకున్న మాటలన్నిటిలోంచి ఆ ఒక్కటే బయటకొచ్చినందుకు తనను తానే తిట్టుకున్నాడు.

“వెళ్ళేలోపు మీ డబ్బా ఇలా ఇవ్వండి. బాగుచేసి ఇస్తాను.”

అతను జేబులోని డబ్బా మీద చెయ్యేసుకున్నాడు. “మీకెందుకండీ శ్రమ?”

“తప్పు కనిపిస్తే వదిలేయడం నాకు చేతకాదు.”

“ఇచ్చెయ్యవయ్యా, పుణ్యానికి చేస్తానంటుంటే” అన్నాడు వెనకనుంచి రేడియో.

దారం ముక్కతో సహా డబ్బా ఆమె బ్యాగులోకి వెళ్ళిపోయింది. బాగైతే ఇక పక్కన కూర్చునే పనే లేదు, వెళ్ళేముందు మర్యాదగా వదిలించుకుంటోంది అనుకున్నాడతను. మర్నాడు సామాన్లు సర్దుకోవడానికి ఆమె సెలవు పెట్టింది. అతను అదే సీట్లో, ఖాళీ కిటికీ పక్కన కూర్చున్నాడు. రేడియో పిలిచినా వెనక్కి వెళ్ళలేదు. బస్సు నిండా జనమున్నా తోడు లేనట్టే ఉంది.

శుక్రవారం సాయంత్రం ఆమె వచ్చి కూర్చుని డబ్బా తెరిచింది.

“మొనలు దూదితో తుడిచాను. పాత ఫోన్ల పేర్లన్నీ తీసేశాను. రెండూ నొక్కిపట్టి, ఎర్ర లైటు వెలిగి ఆరేదాకా ఉంచి, మళ్ళీ ఆన్ చేశాను. ఇప్పుడు చార్జింగ్ దిగట్లేదు.”

“థాంక్సండీ.”

ఆమె అరచేయి చాపింది. అందులో దారం ముక్క ఉంది. “మన దగ్గర దారం ఎక్కడైనా పడుతుంది. మడత పెట్టుకుని మాత్రం పడదు.”

అతను తల దించుకున్నాడు. “నేనే పెట్టానండీ.”

“ఎందుకని?”

“అది బాగుంటే నేను వెనక సీటుకి పోవాలి కదండీ.” ఒకసారి మొదలయ్యాక మాట ఆగలేదు. “మీరు వెళ్ళిపోవడం నాకేమాత్రం ఇష్టం లేదు. ముందే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను.”

ఆమె కోప్పడలేదు. అతని ఇయర్‌ఫోన్లలో కుడిది తను పెట్టుకుని, ఎడమది అతనికిచ్చింది. ఫోన్ మీద వేలు నొక్కింది.

అతను ఉలిక్కిపడ్డాడు. వయొలిన్ సన్నగా మొదలై, వెనకే ఒక ఆడగొంతు అందుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే తుడుచుకోవడం కూడా మరిచి వింటూ ఉండిపోయాడు.

“రోజూ మీరు బావుందన్న పాట ఇదే” అందామె. “వెళ్ళేలోపు ఒక్కసారైనా ఇద్దరం కలిసి వినాలనిపించింది.”

“రోజూ కలిసే వింటున్నాం కదండీ” అన్నాడు మెల్లగా.

ఆమె కిటికీలోంచి చూపు తిప్పి, మొదటిసారి అతని కళ్లలోకి సూటిగా చూసింది.

“మీకిచ్చిన నా ఎడమది ఏనాడూ మోగలేదు.”