అంచు కట్టని చాప

"చెల్లెమ్మా, ఆ తుంగచాప ఇచ్చెయ్యి" అన్నాడు ధనరాజు వాకిట్లోంచే.

ప్లాస్టిక్ చాపలొచ్చాక మా గుమ్మంలోకి బేరం రావడమే మానేసింది. బడి మాన్పించి మా అమ్మాయి శ్రీలేఖని మగ్గం ముందు కూర్చోబెట్టినప్పటి నుంచి, ఈ పని దానికి అన్నం పెడుతుందో లేదోనని నాకు ఒకటే బెంగ. ఇది పిల్ల నేసిన మొదటి చాప. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇంకా అంచు కట్టలేదు మావయ్యా! నాల్రోజులకే ఊడిపోద్ది" అంది శ్రీలేఖ మగ్గం దగ్గర్నుంచి.

"పర్లేదులే తల్లీ."

"కాసేపు ఆగండి అన్నయ్యా, నేను కట్టిచ్చేస్తాను" అంటూ బయటికొచ్చాను.

అతను గొంతు తగ్గించాడు. "అంచెందుకమ్మా? మా అమ్మ పోయింది. పొద్దుగూకేలోగా తీసుకెళ్లిపోవాలి. ప్లాస్టిక్ దాంట్లో చుట్టి పంపకూడదంటున్నారు పెద్దాళ్లు."

చాప చుట్టి అతని చేతుల్లో పెట్టాను.

లోపలికి వచ్చేసరికి శ్రీలేఖ మొహం వెలిగిపోతోంది.

"చూశావా అమ్మా, అంచు లేకపోయినా పట్టుకెళ్లాడు! ఇంకోటి మొదలెట్టనా? మళ్లీ వస్తారంటావా ఎవరైనా?"

"వస్తారు" అన్నాను, తుంగ అందిస్తూ. ఇంకో పని నేర్పడానికి నాకు మాత్రం ఏం వచ్చు?