నాలుగా, ఆరా?

“నాలుగా? ఆరా? ఇవాళ తేల్చేయండి డాక్టరు గారూ,” అన్నాడు మెకానిక్కు, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ.

పళ్ల డాక్టరు షెడ్డులో ఈ చివరి నుంచి ఆ చివరికి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

మధ్యలో బండి. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, పైకప్పు లేని పాతకాలం స్పోర్ట్స్ కారు. కుర్రతనంలో నాన్న దాని బానెట్టుకు ఆనుకుని తీయించుకున్న ఫొటో ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఆ బండే నంబరు పలకతో సహా తుక్కు దుకాణంలో దొరికింది. ఇంజన్ మాత్రం లేదు.

ఈ మోడల్ నాలుగు సిలిండర్లతోనూ వచ్చింది, ఆరుతోనూ వచ్చింది. రెండూ అదే చోట కూర్చుంటాయి. అప్పట్లో దీనికి ఏది ఉండేదో అడుగుదామంటే నాన్న వైపు మనుషులే లేరు. ఆయన ఒక్కగానొక్క సంతానమని డాక్టరు చిన్నప్పటి నుంచీ వింటున్నాడు.

ఆయన్నే అడుగుదామా అంటే, ఆయనకు ఇప్పుడేదీ గుర్తుండటం లేదు. కన్నకొడుకును పట్టుకుని “ఎవరు బాబూ మీరు?” అంటున్నాడు. ఒక్క మాట మాత్రం వదల్లేదు. పొద్దున్న లేస్తూనే గుమ్మంలో నిలబడి, “బండి వచ్చిందా?” అని అడుగుతాడు.

ఆ ఒక్క మాట కూడా మరిచిపోయేలోగా బండిని ఆయన ముందు నిలబెట్టాలి. ఆ చప్పుడు వింటే తనను గుర్తుపడతాడని డాక్టరు ఆశ. ఆ ఆశే అతన్ని కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

“పీకడమంటే మీకు తేలిక. పెట్టడం మాకు కష్టం సార్. బిగించాక మళ్లీ మార్చమంటే నా వల్ల కాదు.”

“నాలుగే,” అంది గేటు దగ్గర ఒక గొంతు.

మళ్లీ ఆవిడే. కొన్నాళ్లుగా సాయంత్రమయ్యేసరికి వచ్చి గేటు పట్టుకుని నిలబడుతోంది. ముగ్గుబుట్టలాంటి తల, చేతిలో గొడుగు. ఎదుటి వీధి లాడ్జిలో దిగిందట.

“నాలుగే బాబూ. ఇంజన్ తిరుగుతూ బండి ఆగి ఉంటే గేరు రాడ్డు చేతిలో గజగజ వణికేది. దాని అందమంతా అదే.”

“మీరు వేరే బండి గురించి చెబుతున్నట్టున్నారమ్మా.”

“కాదు, ఇదే.” ఆవిడ రెండడుగులు లోపలికి వేసింది. “మీ నాన్నగారు ఎలా ఉన్నారు?”

“ఉన్నారు.”

“ఈ బండి గురించి... మరెవరి గురించైనా... ఏమన్నా అంటుంటారా?”

డాక్టరుకు చిర్రెత్తుకొచ్చింది. అసలే మనసు మనసులో లేదు. పైగా ముక్కూ మొహం తెలియని మనిషి ఆరాలు!

“ఒక్కసారి ఆయన్ని ఇక్కడికి తీసుకొస్తావా? దూరం నుంచే చూసి వెళ్లిపోతాను.”

“చూసి పోవడానికి మా నాన్నేమన్నా సర్కస్సా అమ్మా? దయచేసి మా పని మమ్మల్ని చేసుకోనివ్వండి.”

ఆవిడ గొడుగు సర్దుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది.

“ఎవరండీ ఆవిడ?”

“ఎవరో పొద్దుపోని మనిషి. నువ్వు ఆరు బిగించు. ఈ బండి పోయాక మా నాన్న మళ్లీ జీవితంలో స్టీరింగ్ ముట్టలేదు. అంత ప్రాణం. అలాంటి మనిషి నాలుగుతో సరిపెట్టుకుంటాడా?”

మెకానిక్కుకూ ఆరంటేనే మోజు. బిగించాడు. ఇంజన్ వెన్నలా తిరిగింది.

నాన్నను తీసుకొచ్చి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టారు. ఆయన స్టీరింగ్ వంక బెరుగ్గా చూశాడు. చేతులు ఒళ్లోనే పెట్టుకుని కాసేపు మర్యాదగా చప్పుడు విన్నాడు.

“బాగుంది. ఎవరిది బాబూ ఈ బండి?” అని దిగిపోయాడు.

డాక్టరుకు అన్నం సయించలేదు. ఎవరి పన్ను చూస్తున్నా ధ్యాసంతా షెడ్డు మీదే. చివరికి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“మార్చు. నాలుగు పెట్టు.”

“ముందే చెప్పానా, నా వల్ల కాదని?”

“నీ కాళ్లు పట్టుకుంటాను.”

మెకానిక్కు సణుగుతూనే పని మొదలుపెట్టాడు. ఎంత తొందరపెట్టినా వారాలు గడిచాయి. ఈలోగా నాన్న గుమ్మంలోకి రావడం మానేశాడు. బండి మాటే ఎత్తడం లేదు.

డాక్టరు రోజూ గేటు వంక చూసేవాడు. ఆవిడ రాలేదు. ఇంకొంచెం అడిగి తెలుసుకోవాల్సిందని ఇప్పుడనిపించింది. లాడ్జికి వెళ్లి వాకబు చేశాడు.

“ఎప్పుడో ఖాళీ చేశారండీ. ఎక్కడికెళ్లారో తెలీదు,” అన్నాడు గుమాస్తా.

నాలుగు సిలిండర్లూ అందుకున్న రోజున నాన్నను మళ్లీ తీసుకొచ్చారు. బండి ఒళ్లంతా వణికింది. ఆవిడ అన్నట్టే గేరు రాడ్డు కూడా వణికింది.

బల్ల మీద కూర్చున్న నాన్న తలెత్తాడు. ఎవరి సాయమూ లేకుండా లేచాడు. ముఖం విప్పారింది.

“ఏరా, ఎప్పుడొచ్చిందిరా?”

ఏరా! ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో! డాక్టరు కళ్లలో నీళ్లు తిరిగాయి. గబగబా డ్రైవరు వైపు తలుపు తీసి పట్టుకున్నాడు.

“రండి నాన్నా, కూర్చోండి.”

నాన్న అతని చెయ్యి విదిలించుకున్నాడు. బండి చుట్టూ తిరిగి అవతలి వైపుకు వెళ్లాడు. తలుపు తనే తీసుకుని, పక్క సీట్లో బుద్ధిగా కూర్చున్నాడు.

“అటెందుకు నాన్నా? మీరు నడపరూ?”

“నాకు నడపడం ఎప్పుడొచ్చిందిరా?” అని విసుక్కుని, నాన్న గేటు వైపు మెడ సాచి చూశాడు. “బండి మా అక్కదిరా... ఇక్కడే ఎక్కడో ఉంటుంది, వెళ్లి పిలుచుకురా.”