ఐదో చెరువు

ఇలా దగ్గరికి వచ్చి కూర్చో. ఆ కుర్చీ వద్దు, కదిలితే కిర్రుమంటుంది. ఇది మెల్లగా చెప్పుకోవాల్సిన కథ. నిద్ర గురించి కదా మరి.

మా చెల్లెలు ఆసుపత్రి లాండ్రీలో పని చేసేది. ఆరు రోజులు తడి దుప్పట్లు ఎత్తడం, నీలిమందు నీళ్ళలో ముంచడం, ఇస్త్రీ రోలర్ల మధ్యకి తోయడం. ఎంత తోముకున్నా దాని గోళ్ళ సందుల్లో నీలం పోయేది కాదు. మా మరిది సిటీ బస్సు డ్రైవరు. ఆరు రోజులు క్లచ్చి తొక్కీ తొక్కీ ఆదివారానికి ఎడమ కాలు మొద్దుబారిపోయేది.

ఇద్దరూ అలిసినవాళ్ళే. కాకపోతే ఆయనకి నిద్ర పట్టేది, దీనికి పట్టేది కాదు. ఆయన గురక అలాంటిది. ఎత్తు ఎక్కుతున్న బస్సు కూడా సిగ్గుపడాలి. ఉన్నది ఒకటే గది.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి నోరు జారి ఆ మాట అనేసింది. అంతే, ఆ మహానుభావుడు నాలుగు రాత్రులు కుర్చీలో మేలుకునే కూర్చున్నాడు. ఐదో రోజు బస్సు తీసుకెళ్ళి డిపో గేటుకి గుద్దాడు. ఇక చెల్లెలు ఆ ఊసెత్తలేదు.

ఏళ్ళు గడిచాయి. ఒక రోజు పనిలో నిలబడే కునికింది. దుప్పటితో పాటు చెయ్యి కూడా రోలరు దాకా వెళ్ళింది. పక్కనున్నావిడ స్విచ్చి ఆపబట్టి వేళ్ళు దక్కాయి. ఆ వేళ్ళని చూసుకుంటూ ఇంటికొచ్చింది. వారానికి ఒక్క పగలైనా ఇంట్లో తనొక్కతే ఉండాలి. లేకపోతే ఈసారి వేళ్ళు పోతాయి.

"ఆ కాలికి మంచిదని డాక్టరు మిమ్మల్ని సైకిలు తొక్కమన్నాడుగా," అంది.

"వీధి చివరిదాకా తొక్కుతాలే."

"వీధి చివరికి సైకిలెందుకండీ, చెప్పులు చాలు. చెరువుల వైపు వెళ్ళండి. కొండలెక్కండి. మీ కండక్టరు పొద్దున బయల్దేరి, అంతా చుట్టి సాయంత్రానికి వచ్చాడట."

"వాడికి రెండు కాళ్ళున్నాయి. నాకున్నది ఒకటిన్నర."

అన్నాడే గానీ, మర్నాడు సాయంత్రం డిపో నుంచి పాత మ్యాపు ఒకటి మోసుకొచ్చాడు. పైన నున్నటి పూత ఉన్న పెద్ద మ్యాపు. బల్లంతా ఆక్రమించింది. లాండ్రీ నుంచి అప్పుడే వచ్చిన చెల్లెలు, దారం పరిచి దూరం కొలిచింది. నాలుగు చెరువులు, మూడు కొండలు. మొదటి చెరువు దాకా చదును దారి. అక్కడ పడవల షెడ్డు, నాలుగు చెక్క బెంచీలు. ఆ తర్వాత ఆరు మలుపుల కొండ. అక్కణ్ణుంచి అన్నీ ఎత్తుపల్లాలే.

"మొదటి చెరువు దగ్గర నీడుందా?" అని అడిగాడు.

"అప్పుడే నీడెందుకు? అంతలోనే అలిసిపోతారా?"

"ఊరికే అడిగాలే. మొత్తం చుట్టొచ్చేసరికి ఎంతవుతుంది?"

"మూడు."

మూడు అంటున్నప్పుడు దాని గొంతు నీరసపడింది. అలాగే మ్యాపు మీద చేతులు పెట్టుకుని, చేతుల మీద తల పెట్టుకుని కునికింది. కాసేపటికి ఉలిక్కిపడి లేచింది.

"ఇదిగో, ఇంకో చెరువు!" అంది. మూడో కొండ వెనకాల, చిన్నగా, గుండ్రంగా, ముద్దుగా ఉంది.

మరిది కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని వంగి చూశాడు. మ్యాపు కాసేపు చూశాడు. చెల్లెల్ని కాసేపు చూశాడు.

"ఉంది. నేనే చూళ్ళేదు. అది కూడా చుట్టొస్తే ఆరవుతుంది. ఆరుదాకా నా కోసం చూడకు."

తర్వాత ఏ కొండ దాటితే ఏ చెరువో దాని చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని, పరీక్షకి చదివినట్టు వల్లె వేశాడు.

ఆదివారం పొద్దున్నే నీళ్ళ సీసా, స్పేరు ట్యూబు, రొట్టె సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇది ఒళ్ళు తెలియకుండా పడుకుంది. ఆరింటికి తలుపు చప్పుడైతే లేచి తీసింది. ఎదురుగా ఆయన. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఎదురుగాలి," అన్నాడు.

చెంప మీద అడ్డంగా గీతలు.

"హెల్మెట్ పట్టీ నొక్కింది."

"కొండ ఎలా ఉంది?"

"ఆరు మలుపులకీ ఆరుసార్లు మీ అన్నయ్యని తిట్టుకున్నా, ఈ సైకిలు ఇచ్చినందుకు."

"మరి ఐదో చెరువు?"

ఆయన మొహం మెత్తబడింది. "అన్నిటికన్నా అదే బాగుంది. మనిషి అలికిడి లేదు. నీళ్ళు నీలంగా, కదలకుండా, నిద్రపోతున్నట్టున్నాయి."

అలా ఏడేళ్ళు, ప్రతి ఆదివారం. చెల్లెలి వేళ్ళు పదీ నిలిచాయి. ఆయన రాగానే వేడినీళ్ళ బకెట్టులో కాళ్ళు పెట్టించి, కుమిలిపోయేది. "నా నిద్ర కోసం ఆ కుంటికాలితో కొండలెక్కిస్తున్నానక్కా, పాపిష్టిదాన్ని," అని నా దగ్గర ఏడ్చేది. ఆయన మాత్రం ఒక్కరోజూ మానలేదు. ఏటికేడు ఐదో చెరువు కబుర్లు పెరిగాయి. అక్కడ బాతులొచ్చాయి. పిల్లల్ని కూడా పెట్టాయి.

ఆయన రిటైరైన రోజు, గోడకి అతికించిన ఆ మ్యాపుకి ఫ్రేము కట్టిద్దామనుకుంది. ఏడేళ్ళ దుమ్ము. ఊడదీసి బల్ల మీద పరిచింది.

ఇది గుర్తుపెట్టుకో. నీ వాళ్ళకి నువ్వు చెప్పు. మధ్యలో ఏం మరిచినా ఫరవాలేదు, చివరి మాట మాత్రం నేను చెప్పినట్టే చెప్పాలి: తడిగుడ్డతో ఒక్కసారి తుడిచిందో లేదో, ఐదో చెరువు నీలిమందై గుడ్డకి అంటుకొచ్చేసింది.