నాహుయెల్ నూనె

మా అత్తగారు అరవడం మానేసినప్పట్నుంచీ నాకు పొద్దున్నే మెలకువ రావట్లేదు. రోజూ బస్సు తప్పిపోతోంది.

ఆటిజం ఉన్న మా అబ్బాయి నాహుయెల్ కూడా గోడకి తల బాదుకోవడం మానేశాడు. డాక్టరు రాసిన గంజాయి నూనె మహిమే అనుకున్నాం.

“ఎలా పట్టిస్తున్నావ్?” అన్నాను.

“చేదని ఉమ్మేస్తున్నాడు. అందుకే మనమంతా వంతులవారీగా తాగే మాతే టీ సొరకాయ బుర్రలో ముందే చుక్కలేసి పెడుతున్నా,” అంది మా ఆవిడ గ్రిసెల్దా.

“నీళ్ళు పోసేది నేను కదే! పోసినవాళ్ళే మొదటి బుర్ర తాగాలి. అర్జెంటీనాలో, అదీ రొసారియోలో పుట్టి ఆ మాత్రం తెలీదా?” అన్నారు అత్తగారు తాపీగా.

“అంటే నూనంతా నువ్వే తాగేశావా అమ్మా? వాడికి ఉత్త టీయేనా?”

“అల్లుడుగారు కూడా మంచివాడిలా కనిపిస్తుంటే ఏంటా అనుకున్నా.”

ఇంట్లో అరుపులు ఆగాయి, వాడు నెమ్మదించాడు. ఇప్పుడు ఆవిడ ఒళ్ళోనే నిద్రపోతున్నాడు.

రేపు డాక్టరు మోతాదు పెంచమంటారా అంటాడు. ఎవరికని చెప్పాలి? బాబ్బాబు, ఎవరైనా సలహా ఇవ్వరూ!